తుమ్మచెట్టు వెనుక మేక

పోయిన నెల సరిత పిలిస్తే భూపాలపల్లిలో ఆమె పనిచేసే బడికి వెళ్ళాను. మేముండేది రేగొండలో. మా ఆయన చెల్పూరు కరెంటు కేంద్రానికి డ్యూటీకి పోయి వస్తాడు. నేను ఇంటి ముందర మిషను పెట్టుకొని బట్టలు కుడతాను, ఆదివారాలు రామాలయంలో పిల్లలకు శ్లోకాలు నేర్పి, ఆడవాళ్ళ భజన నడిపిస్తాను. సరిత ఆ బడిలో కంప్యూటరు టీచరు. పిల్లలతో వీడియో గేములు తయారు చేయించే క్లబ్బు ఒకటి పెట్టింది. "నీకు మాట మంచిగొస్తది గదా, వచ్చి మా పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పిపో" అని ఫోన్‌లో అడిగింది. వినయం గురించి చెబుదామని బస్సులో కూర్చున్నప్పుడే అనుకున్నాను. తీరా ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి అనుకున్నవన్నీ నోట్లోనే ఆగిపోయాయి. ఒక్కో కంప్యూటరు ముందు ఒక పిల్ల ఆడుతోంది. ఆ పిల్ల వెనుక స్టూలు మీద, ఆ ఆట తయారు చేసిన పిల్ల, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకొని పెదవులు బిగించుకొని కూర్చుంది. ఆడే పిల్లకు దారి తెలియక తడుముకుంటున్నా వెనుకనున్న పిల్ల నోరు విప్పడం లేదు. ఆ కూర్చునే తీరు నాకు తెలుసు. దంతాలపల్లి బడిలో తొమ్మిదో తరగతిలో సరితా నేనూ అట్లాగే కూర్చునేవాళ్ళం.

దంతాలపల్లిలో మా ఇల్లంటే నాకు మొదట గుర్తొచ్చేది మిషను నూనె వాసన. నాయిన టైలరు. తెల్లవారగానే స్నానం చేసి, మిషనుకు బొట్టు పెట్టి, ముక్కున్న చిన్న డబ్బాతో చుక్క చుక్కగా నూనె వేసేవాడు. అదే సమయానికి దేవుని అర్రలో అవ్వ కర్పూరం వెలిగించేది. ఆ రెండు వాసనలు కలిసిన గాలిలో నేను తలకు తువ్వాల చుట్టుకొని కూర్చొని శ్లోకాలు అప్పజెప్పాలి. అవ్వ, అంటే మా నాయిన తల్లి, కళ్ళు మూసుకొని వినేది. తప్పు పోయిన చోట బొటనవేలితో నేల మీద ఒక్క దెబ్బ కొట్టేది. మాట ఉండదు. ఎక్కడ తప్పిందో నేనే వెతుక్కొని మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. వంటింట్లో అమ్మ జొన్నరొట్టె కొడుతూ, ఇయ్యాల ఎన్ని దెబ్బలు పడ్డయో అని నవ్వేది. రాను రాను ఆ దెబ్బలు తగ్గి, పూర్తిగా ఆగిపోయాయి. శనివారం హనుమాండ్ల గుడిలో నాయిన హార్మోనియం ముందు కూర్చుంటే, భజన ఎత్తుకునేది నేనే. చిన్నపిల్లలు నలుగురైదుగురు నా వెనుక కూర్చొని నేను అన్నది అనేవాళ్ళు. ప్రసాదం పంచే పెద్దమనిషి మొదటి ముద్ద నా చేతిలోనే పెట్టేవాడు. ఆ వయసు పిల్లకు ఊళ్ళో అంతకన్నా పేరు ఇంకేం ఉంటుందనుకునేదాన్ని.

మా ఇంట్లో ఇంకో అలవాటు ఉండేది. ఏ కాగితం ముట్టుకున్నా పైన నడుమ శ్రీరామ అని రాసిన తర్వాతే కింద ఏదైనా రాయాలి. నాయిన కొలతల పుస్తకంలో జాకెట్ల భుజాలూ నడుములూ అన్నీ శ్రీరామ కిందే ఉండేవి. నా లెక్కల రఫ్ కాగితాల మీద కూడా రాసేదాన్ని. ఇక పొద్దుగూకాక దీపం పెట్టే ముందు అవ్వ నాతో మనసులో ఉండే ఆరుగురు శత్రువుల పేర్లు చెప్పించేది. కామం నుంచి మదం దాకా ఒక్కొక్క దానికి ఒక్కొక్క వేలు ముడిస్తే అయిదు వేళ్ళూ అయిపోయేవి. అప్పుడు పిడికిలి అట్లాగే పట్టుకొని, "మాత్సర్యానికి వేలు లేదు బిడ్డా, గందుకే అది ఎక్కడ దాగున్నదో కానరాదు" అనేది. నేను తలూపేదాన్ని. అది వేరేవాళ్ళ సంగతి అనుకునేదాన్ని.

సరితది ఊరి అవతలి తండా. ఇంట్లో వాళ్ళ భాష వాళ్ళది, బడిలో తెలుగు. తెలుగు చదివేటప్పుడు తడబడితే వెనుక బెంచీ వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను పక్కన కూర్చొని, ఆ మాట ఇట్లా పలకాలి అని చెవిలో చెప్పేదాన్ని. ఆమె నాకు కొంగున కట్టుకొచ్చిన రేగుపళ్ళు ఇచ్చేది. మా స్నేహం అంతా నేను చెప్పడం, ఆమె వినడం. అది అట్లా ఉన్నన్నాళ్ళు ఆమె అంటే నాకు చాలా ప్రేమ.

జనగామ నుంచి రోజూ బస్సులో వచ్చే కంప్యూటర్ సార్ ఒకాయన ఉండేవాడు. బడిలో ఉన్నవి పది కంప్యూటర్లు, నడిచేవి ఆరు. తెర మీద రంగురంగుల ముక్కలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే బొమ్మలు కదిలే ప్రోగ్రాం ఒకటి వాటిలో వేసి, సాయంత్రం ఆటల పీరియడులో గేమ్ క్లబ్బు మొదలుపెట్టాడు. ఎవరి ఆట వాళ్ళు తయారు చేసుకోవాలి. తయారైన దాన్ని వేరే పిల్లలతో ఆడించాలి, వాళ్ళను టెస్టర్లు అనాలి. ఆడిన టెస్టరు చివర ఒక చీటీ మీద తప్పులు రాసివ్వాలి. ఆట చేసినవాళ్ళు మాత్రం వెనుక కూర్చొని ఒక్క మాట కూడా అనకూడదు. మొదటి రోజే సార్ గట్టిగా చెప్పాడు. "మీ ఆట మీకు నచ్చుతది, అది లెక్కల లేదు. ఎనుక కూసోని నోరు మూసుకోండ్రి. వాళ్ళు నోటితోని చెప్పేది ఇనకుండ్రి, వాళ్ళ చెయ్యి సూడుండ్రి. చెయ్యి ఏడ ఆగితే తప్పు ఆడ ఉన్నట్టు." నేను ఆ మాటలు కూడా శ్రీరామ కింద రాసుకున్నాను. రాసుకోవడం వరకే.

నా ఆటలో ఒక భక్తురాలు దీపం పట్టుకొని గుట్ట ఎక్కాలి. దారిలో ఏడు తలుపులు. ఒక్కో తలుపు దగ్గర ఒక శ్లోకంలో ఖాళీ వస్తుంది. ఆ మాట నింపితే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే దీపం సన్నబడుతుంది. ఇంత పవిత్రమైన ఆట ఎవరూ చేసి ఉండరని నా నమ్మకం. టెస్టర్లుగా నేను తెచ్చుకున్నది మా శనివారం భజన పిల్లలను, ఆరో తరగతి వాళ్ళను. వాళ్ళు రెండో తలుపు దగ్గర ఆగిపోయేవాళ్ళు. నేను వెనుక నుంచి వంగి, గుడిలో అందించినట్టే మాట అందించేదాన్ని. వాళ్ళు నా వెనుక అన్నట్టే అనేసి, టైపు చేసేసి, చివర చీటీ మీద మంచిగున్నది అక్కా అని రాసేవాళ్ళు. నన్ను తప్పుపట్టడం వాళ్ళకు అలవాటు లేదు. వాళ్ళ తల్లులు, అక్క ఎట్ల చెప్తే అట్ల అనాలె అని పంపించేవాళ్ళు మరి. ఇరవై చీటీలు దగ్గర పెట్టుకొని నా ఆటలో తప్పే లేదని నేను నమ్మాను. నిజానికి ఆ ఆట నేను తప్ప ఇంకెవరూ ఆడలేదు.

సరిత ఆటలో ఒక పిల్ల అయిదు మేకలను రోడ్డు దాటించి, లారీలకు తగలకుండా, చీకటి పడకముందు తండాకు చేర్చాలి. అంతే. తండా పిల్లలు ఆమె టెస్టర్లు. వాళ్ళకు మర్యాదలు తెలియవు. వాళ్ళ భాషలో అరుచుకుంటూ, నవ్వుకుంటూ, ఆమెను తిట్టుకుంటూ ఆడేవాళ్ళు. ఒక పిల్ల తెలుగులోకి మారి నాకు కూడా వినబడేట్టు, "ఇది మేక గాదు, కుక్క. మేక గింత సక్కగ నడుస్తదా?" అంది. సరిత పెదవులు బిగించుకొని రాసుకుంది. మర్నాటికి ఆమె మేక నడిరోడ్డు మీద ఆగి, వెనక్కి తిరిగి, బుద్ధి పుట్టినప్పుడు కదలడం మొదలుపెట్టింది. ప్రతి వారం ఏదో ఒకటి మారేది. మెల్లమెల్లగా మిగతా తరగతుల పిల్లలు కూడా ఆమె కంప్యూటరు చుట్టూ మూగడం మొదలైంది. నా భజన పిల్లలు నా దగ్గర కూర్చొని మెడలు అటు తిప్పి చూసేవాళ్ళు. నాకు కడుపులో మంటగా ఉండేది. దేవుని ఆటను వదిలి మేకల ఆట చూస్తున్నారని దేవుని తరఫున కోపం వచ్చిందనుకున్నాను. కోపానికైతే ఒక వేలు ఉంది కదా, ఆ వేలు ముడిచి ఊరుకున్నాను.

జనగామలో జరిగే బడిపిల్లల ప్రదర్శనకు ఒక ఆటను పంపాలని సార్ ఎనిమిదో తరగతి పిల్లలను పిలిపించాడు. వాళ్ళెవరూ నా భజనలోని వాళ్ళు కాదు. మొదటి పిల్ల రెండో తలుపు దగ్గర ఆగి నా వైపు చూసింది. నా పెదవులు కదిలాయి. సార్ నా నోటి వైపు వేలు చూపించాడు, మూసుకున్నాను. రెండో పిల్లగాడు నీళ్ళు తాగొస్తానని లేచిపోయి మళ్ళీ రాలేదు. మూడో పిల్ల, ఇది పరీక్షనా సార్ అని అడిగింది. గదంతా నవ్వింది, సరిత ఒక్కతే నవ్వలేదు. ఆమె నవ్వకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఆమె ఆట దగ్గర బడి గంట కొట్టినా పిల్లలు లేవలేదు. జనగామకు పంపడానికి సార్ ఆమె ఆటనే ఎంచుకున్నాడు.

సరితకు ఆ జనగామ ప్రదర్శన ఎంత ముఖ్యమో నాకు బాగా తెలుసు. తొమ్మిదో తరగతి అయిపోగానే ఆమెను బడి మాన్పించి, ఖమ్మం వైపు మిర్చి ఏరడానికి తమతో తీసుకుపోవాలని ఇంట్లో అనుకుంటున్నారు. సార్ తండాకు పోయి వాళ్ళ బాపుతో మాట్లాడాడు. పిల్లకు తెలివి ఉందని చెబితే ఆయన నమ్మలేదు. జనగామలో ఏమంటారో చూసి చెప్తా అన్నాడు. అంటే అక్కడ ఆట ఆగిపోతే సరిత చదువూ ఆగిపోతుంది. ఇది నాకు చెప్పింది సరితే, బెంచీ మీద, నా చెవిలో.

ప్రదర్శనకు వారం ముందు సార్ నన్ను పిలిచి, నువ్వు నిదానస్తురాలివి, చివరిసారి సరిత ఆట నువ్వు పరీక్షించు అన్నాడు. జడ్జీలకు వివరించడానికి కూడా ఆమె వెంట నన్నే పంపిస్తానన్నాడు, నాకు మాట మంచిదని. నేను కూర్చున్నాను. సరిత వెనుక స్టూలు మీద కూర్చుంది. నిజానికి తప్పు దొరకాలనే ఆడాను. తండా పిల్లలు ఎప్పుడూ పోని మూలలకు మేకలను తోలాను. చివరి మేకను రోడ్డు మీది నుంచి కాకుండా పొలం వైపు నుంచి తుమ్మచెట్టు వెనుకకు తోలితే అది అక్కడే ఇరుక్కుపోయింది. ఎంత నొక్కినా బయటికి రాలేదు. ఆట గెలవనూ లేదు, ఓడిపోనూ లేదు. మళ్ళీ మొదటి నుంచి ఆడి మళ్ళీ అక్కడికి తీసుకుపోయాను, మళ్ళీ ఇరుక్కుంది. మూడోసారి కూడా చూశాను. నా అరచేయి చెమట పట్టింది. చీటీ తీసుకొని పైన నడుమ శ్రీరామ అని రాశాను. కింద, ఆట చాలా బాగున్నది, తప్పులు ఏమీ లేవు అని రాశాను. ఆ రెండు వరుసలూ ఒకే చేత్తో, ఒకే పెన్నుతో రాశాను. సరిత చీటీ తీసుకొని చదివి, మడిచి, పుస్తకంలో పెట్టుకుంది. ఆ సాయంత్రం దీపం దగ్గర ఆరు పేర్లు చెబుతుంటే, గొంతు ఎందుకు పట్టుకున్నదే అని అవ్వ అడిగింది. బడిలో దుమ్ము అన్నాను.

జనగామకు పొద్దున బస్సులో పోయినం అని ఇప్పటికీ మేమిద్దరం చెప్పుకుంటాం. కానీ ఆ దారిలో ఏం చూశానో నాకు గుర్తు లేదు. సరిత నాకు కిటికీ సీటు ఇచ్చింది, అది గుర్తుంది. ప్రదర్శన జరిగే హాలులో మా బల్ల ముందుకు కళ్ళద్దాల మేడం ఒకామె వచ్చింది. నేను నేర్చుకున్న మంచి తెలుగులో ఆట గురించి వివరించాను. ఆమె నా భాషను మెచ్చుకొని కూర్చుంది. నాలుగు మేకలు తండా చేరాయి. అయిదో మేకను ఆమె పొలం వైపుకు తోలింది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అప్పటి దాకా నేను దేవుణ్ణి పరీక్షల్లో పాసు చేయమనో, నాయిన కాలి నొప్పి తగ్గించమనో అడిగాను. మొదటిసారి వేరే మాట వచ్చింది. స్వామీ, ఆ మేక బయటికి రాకూడదు. మేక తుమ్మచెట్టు వెనుకకు పోయింది. ఒక్క క్షణం కనబడలేదు. తర్వాత రెండో వైపు నుంచి తాపీగా బయటికి వచ్చి, ఆగి, వెనక్కి చూసి, రోడ్డు దాటింది. మేడం నవ్వింది. నేను తెర వైపు చూస్తున్నాను. సరిత మాత్రం తెర వైపు కాదు, నా వైపు చూస్తోంది.

ఆ ఆటకు రెండో బహుమతి వచ్చింది. వాళ్ళ బాపు ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని చూసి, తండాలో ఇల్లిల్లూ తిప్పి చూపించాడట. సరిత పదో తరగతికి వచ్చింది. మేక ఎట్లా బయటికి వచ్చిందో నాకు తెలియలేదు. నా పాపపు కోరికను దేవుడు వినకుండా పక్కన పెట్టాడని, మహిమ అని నమ్మాను. ఆ నమ్మకం నాకు సుఖంగా ఉండేది. అది దేవునికీ నాకూ మధ్య సంగతి, సరితకు తెలియదు అనుకుంటే తల ఎత్తుకొని తిరగవచ్చు. తర్వాత ఆమె మహబూబాబాద్‌లో కాలేజీ, పై చదువు, టీచరు ఉద్యోగం. నాకు పెళ్ళి, రేగొండ, మిషను. ఆమె ఫొటో ఫోన్‌లో కనబడ్డప్పుడల్లా బాగుండాలి అని పైకి అనుకుంటూ, రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసి ఆమె చీర కుట్లు చూసేదాన్ని.

పోయిన నెల ఆ బడిలో పిల్లలకు నేనేం మాట్లాడానో గుర్తు లేదు, వినయం గురించి మాత్రం కాదు. అన్నం తిన్నాక పిల్లలు బయటికి పోయారు. గదిలో మేమిద్దరమే మిగిలాం. అడగకుండా ఉండలేకపోయాను.

"ఒక్కటి చెప్పు సరితా. జనగామల గా మేక చెట్టెనుక నుంచి ఎట్ల బయటికొచ్చింది?"

సరిత గిన్నెలు సర్దుతూనే అంది. "నువ్వే జూపెడితివి గదనే."

"నేను తప్పు లేదని రాసిన."

"రాసినవ్. గాని మూడు సార్లు ఆడికే తోలినవ్. మూడు సార్లు ఆగినవ్. అటెన్క చెయ్యి లంగకు తుడుసుకున్నవ్. నోటిని ఇనొద్దు, చెయ్యి సూడాలె అని సార్ చెప్పలేదా? గా రోజే కూసోని సక్కజేసిన."

"మరి నన్ను ఒక్క మాటన్న అడగకపోతివి."

"ఎనుక కూసున్నోళ్ళు నోరిప్పొద్దు గదా" అని నవ్వింది.

అప్పుడు చెప్పాను, ఆ మేక రాకూడదని దండం పెట్టుకున్నానని. ఆమె చేతిలో గిన్నె కాసేపు అట్లాగే ఉంది. తర్వాత బల్ల మీద పెట్టింది.

"నువ్వు నా మీద కుళ్ళుకుంటున్నవని నాకెరుకే. బడిల అందరికెరుకే. నీకొక్కదానికే ఎరుకలేకుండె. గాని ఒక్క సంగతి చెప్త ఇను. నీ అంత ఓపికగ నా ఆటను ఎవ్వలు ఆడలే. మా తండ పిల్లలు చెట్టెనుకకు ఎన్నడు పోలే. నువ్వు ఆడకపోతే జనగామల మేక ఆన్నే ఉండు, నేను మిర్చి తోటల ఉందును."

క్షమించమని అడగడానికి నేను మాటలు కూర్చుకుంటుంటే, ఆమె అప్పుడే లేచి, కిటికీలోంచి ఎవరో పిల్లను పేరు పెట్టి పిలిచి, చెప్పులు చేతిలో పట్టుకొని తిరగొద్దని చెబుతోంది. నాకు అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు. ఇవ్వాలని ఆమెకు తోచలేదు కాబోలు.

తిరుగు బస్సులో నాకు తేలిగ్గా ఉండాలి. కొంతసేపు ఉంది కూడా. రేగొండ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆ పాత మంటే మొదలైంది, ఈసారి ఇంకో కారణానికి. పొద్దునా సాయంత్రం పారాయణం చేసేదాన్ని నేను. ఉపవాసాలు నావి, భజన నాది, వందమంది ముందు శాంతం గురించి చెప్పేది నేను. నాలో పదిహేనేళ్ళుగా మానని పుండులా ఉన్న సంగతిని ఆమె ఆ రోజే కూర్చొని సరిచేసి, మూసేసి, మర్చిపోయింది. గుడికి పండుగ పూట తప్ప పోని మనిషికి అంత మంచి మనసు ఎక్కడి నుంచి వచ్చింది? అవ్వ ఉంటే అడిగేదాన్ని. అప్పటి ఆరు కంప్యూటర్ల గదికీ ఇప్పటి గదికీ పోలిక లేదు. ఇప్పటి పిల్లలు ఎదురుగా నిలబడి, బాగలేదు టీచర్ అని చెప్పగలుగుతున్నారు. నా ఆదివారం పిల్లలు మాత్రం ఇప్పటికీ నేనేం చెప్పినా బాగుందనే అంటారు. ఈ మధ్య వాళ్ళ మాట వదిలి చేతులు చూస్తున్నాను. ఒక పిల్ల ఓణీ అంచు చుడుతూ విప్పుతూ ఉంటుంది, ఇంకొక పిల్లగాడు ప్రసాదం గిన్నె వైపు వేలు తిప్పుతూ ఉంటాడు. నేను త్వరగా ముగిస్తున్నాను.

ఆ రోజు నేను బయలుదేరేటప్పుడు సరిత, మా పిల్లలకు నీ లెక్క మూలమూలకు పోయి ఆడేటోళ్ళు గావాలె, వారానికొకసారి రా అంది. సరే అన్నాను. గురువారాలు పోతున్నాను. పిల్లల ఆటలు ఆడుతున్నాను, దొరికిన తప్పు దొరికినట్టు రాసిస్తున్నాను. అది కష్టంగా లేదు. కష్టం ఇంకోటి. ఆ గదిలో అడుగుపెట్టగానే నా కళ్ళు ముందు సరిత ముఖం మీదికే పోతాయి. ఎక్కడైనా పాత కోపం ఒక్క గీతగానైనా మిగిలి ఉందేమో, నన్ను చూడగానే ఒక్క క్షణం ముడుచుకుంటుందేమో అని చూస్తాను. అది కనబడితే నాకు ప్రాణం కుదుటపడుతుంది. నాలుగు గురువారాలు అయ్యాయి. కనబడలేదు. ఆమె కుర్చీ జరిపి, రావే, కూసో అంటుంది.